టౌన్ల నత్రజని, భాస్వరం మీద రీసెర్చ్ గ్రూపులో చేరాలంటే?

పాలకొల్లు పిల్ల:
నమస్కారమండీ. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఈ ఏడాదితో అయిపోతుంది. తిండి రూపంలో టౌన్లలోకొచ్చే నత్రజని, భాస్వరం చివరికి ఎటు పోతున్నాయి, మళ్లీ పొలానికెలా చేర్చాలి అని చూసే గ్రూపు ఒక యూనివర్సిటీలో ఉందని తెలిసింది, ప్రొఫెసర్ గారికి మెయిల్ పెడదామంటే ఏం రాయాలో తోచట్లేదు. యూజీసీ నెట్ పరీక్ష ఇంకా పాసవలేదు. ఇంట్లోనేమో మురుక్కాలవల మీద చదువేంటే, బీఈడీ చెయ్యి అంటున్నారు. అసలు పని ఎలా ఉంటుందండీ?

ల్యాబ్‌పురుగు:
నేను ఇలాంటి గ్రూపులోనే ఉన్నానండి. "ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్ సర్" అని పెడితే తెరిచి కూడా చూడరు. వాళ్ల పేపర్లు రెండు చదివి, అందులో మన డెల్టాకి కుదరని చోటేదో అది రాయండి. ఊరంతటికీ ఒక పైపు, చివర ఒక ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) అనుకుని లెక్కలేస్తారు చాలామంది, మన దగ్గర సెప్టిక్ ట్యాంకు పొంగిన నీళ్లు డ్రెయిన్లోకి, అందులోనే రొయ్యల చెరువుల నీళ్లు, చేల నీళ్లు. భీమవరం యనమదుర్రు డ్రెయిన్లో అమ్మోనియా కొలిస్తే అది ఊరిదా, రొయ్యలదా, యూరియాదా? ఇదొక్కటి అడిగినా మీ మెయిల్ చదువుతారు.

పనంటారా, శాంపిళ్లు, కెల్డాల్ (నత్రజని కొలిచే పద్ధతి), స్పెక్ట్రోఫోటోమీటర్ (రంగుని బట్టి ఎంతుందో కొలిచే మిషను) కొంత, మిగతాదంతా ఎక్సెలే. టౌన్లోకి ఎంత బియ్యం, ఎంత చేప వచ్చిందో పట్టుకుని, ప్రొటీన్‌ని 6.25తో భాగిస్తే నత్రజని. తిన్నదాంట్లో నత్రజని ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది, అందుకే ఇంట్లో వాళ్లకి టాపిక్ వివరంగా చెప్పకండి :)

సార్వా దాళ్వా:
అమ్మాయ్, రైతుగా ఒక మాట. వేసవిలో కాలవలు కట్టేశాక చేల నీళ్లు డ్రెయిన్లోకి దాదాపు రావు, అప్పుడొకసారి శాంపిల్ పట్టు, సార్వా (ఖరీఫ్) ఊడ్పులయ్యి యూరియా చల్లాక మళ్లీ పట్టు, తేడా నీకే తెలుస్తుంది. చెరువులు ఖాళీ చేసే రోజులు మాత్రం ఊళ్లో అడిగి తెలుసుకోవాలి, అవి ఏ కేలండర్లోనూ ఉండవు. గుర్రపుడెక్క అంతలా పెరుగుతుందంటే ఎరువు ఊరికే పోతున్నట్టే కదా, ఆ భాస్వరానికి మొరాకో, జోర్డాన్ నుంచి రాయి తెప్పించుకుంటున్నాం మళ్లీ.

ల్యాబ్‌పురుగు:
సార్వా గారు, సూపర్ అండి, ఇది మా సార్‌కి కూడా చెప్తా. ఒక్కటి మర్చిపోయా, డీఏపీ ఎరువు బస్తా మీద 46 అని ఉండేది P2O5 శాతం, అంటే ఆక్సిజన్‌తో కలిసిన భాస్వరం. 50 కేజీల బస్తాలో అసలు భాస్వరం 10 కేజీలే. కొత్తగా వచ్చినోళ్ల టేబుళ్లన్నీ ఇక్కడే తేడా కొడతాయి.

రాజమండ్రి బస్సు:
డబ్బుల సంగతి ఎవరూ చెప్పలేదు. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో మంచి మార్కులొస్తే ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకి 37,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) వేరే. రాకపోతే ముందు ప్రాజెక్టు పోస్టులో చేరి, యూజీసీ నెట్ రాసుకుంటూ ఉండొచ్చు, ఏపీఆర్‌సెట్ (ఏపీ యూనివర్సిటీల పీహెచ్‌డీ ఎంట్రన్స్) కూడా వదలద్దు. చేరేముందు ప్రాజెక్టు ఇంకా ఎన్నాళ్లుందో కచ్చితంగా అడగండి, మొహమాటపడకండి.

పాలకొల్లు పిల్ల:
థాంక్సండీ అందరికీ. యనమదుర్రు పాయింట్‌తోనే మెయిల్ రాస్తున్నా. సార్వా గారూ, చెరువులు ఎప్పుడు ఖాళీ చేస్తారో మీ వైపు ఎవర్నడిగితే చెప్తారండీ?

సార్వా దాళ్వా:
మేత కొట్లో అడుగు, అన్నీ వాళ్లకే తెలుసు.