అటకెక్కిందా, అటకెక్కించారా?

అమెరికా వలస బిల్లుల గురించి రాసేటప్పుడు ‘వీగిపోయింది’ అనాలా, ‘అటకెక్కింది’ అనాలా అని నిన్న ఒకరు అడిగారు. రెండూ ఒకటి కావు. కలిపేస్తే అసలు జరిగిందేమిటో తెలియకుండా పోతుంది.

ఓట్లు లెక్కపెట్టాక చాలకపోతేనే వీగిపోవడం. 2013 జూన్‌లో సమగ్ర వలస సంస్కరణ బిల్లు ఎగువసభ సెనెట్‌లో 68–32తో నెగ్గింది. దిగువసభ అయిన ప్రతినిధుల సభలో స్పీకర్ జాన్ బేనర్ దాన్ని ఓటింగుకే పెట్టలేదు. సొంత పార్టీలో ఎక్కువమంది ఒప్పుకోనిదే తేనన్నారు, 2014 మధ్యంతర ఎన్నికలు వచ్చేశాయి. ఇక్కడ వీగిందేముంది? అటక మీదికి ఏ బిందే తనంతట తాను ఎక్కదు, ఎవరో ఒకరు స్టూలు వేసుకుని పెట్టాలి. అందుకే ‘బేనర్ అటకెక్కించారు’ అని కర్తతో సహా రాయాలంటాను. ‘అటకెక్కింది’ అనేస్తే చేసిన మనిషి వాక్యంలోంచి తప్పుకుంటాడు.

‘మురిగిపోవడం’ ఇంకొకటి. వాడుకోని సెలవులు మురిగిపోయాయంటాం చూడండి, అదే. ఉద్యోగాల గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లును 2019 జులైలో ప్రతినిధుల సభ 365–65తో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనెట్ కూడా సరేనంది, కానీ వేరే పాఠంతో. రెంటికీ పొత్తు కుదరకుండానే 2021 జనవరిలో ఆ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) రెండేళ్ల గడువు తీరిపోయింది, దాంతో బిల్లూ మురిగిపోయింది. గ్రీన్‌కార్డు వరుస ఎంతవరకు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌ను నెలనెలా తెరిచి ‘డేట్లు కదిలాయా?’ అని చూసుకునే మనవాళ్లకు ‘మురిగిపోవడం’ అన్న మాట ఎంత సరిగ్గా అతుకుతుందో వేరే చెప్పాలా!

ఇక 2024 ఫిబ్రవరి. సరిహద్దు కట్టడి బిల్లులోనే, హెచ్‌1బీ తల్లిదండ్రులతో చిన్నప్పుడే వచ్చిన పిల్లలకు 21 ఏళ్లు నిండాక హోదా పోకుండా కొంత రక్షణ కూడా ఉంది. ఎన్నికల ఏడాది కదా, ట్రంప్ వద్దన్నారు, రిపబ్లికన్లలో చాలామంది వెనక్కి తగ్గారు. సెనెట్‌లో 60 ఓట్లు కావాల్సినచోట 49 వచ్చాయి. ఇక్కడ ‘వీగిపోయింది’ అనొచ్చు, కానీ వీగింది బిల్లు కాదు. దాన్ని చర్చకు తీసుకుందామన్న ప్రతిపాదన. అంత తేడా చూపించగల మాటలు మనకుండగా, అన్నింటికీ ఒకే మాట వాడటం నాకు నచ్చదు.

‘అటక’ను ‘అటుక’ అనేవారు బిల్లుల విషయంలోనూ ‘అటుకెక్కింది’ అనే అంటారా? తెలిసినవారు చెప్పండి.