చర్చ: పదిహేడు అధ్యాయాలైనా భయం పోని రాకుమారి మన పిల్లలకెందుకు?

లెక్కల మాస్టారు, కడప

ఇక్కడ వారం వారం వస్తున్న 'తుంగభద్ర ఒడ్డు' గారి ఫాంటసీ నవల పదిహేడో అధ్యాయం దాకా చదివాను. చదవనివాళ్ల కోసం కథ ముక్తసరిగా చెప్తాను. రాజుకి ఇద్దరు కూతుళ్లు. పెద్దామె యుద్ధంలో పోతుంది. ఏనాడూ ఎవరూ లెక్కలోకి తీసుకోని చిన్నామె పదహారేళ్లకే గద్దె ఎక్కాల్సి వస్తుంది. శత్రుసైన్యం సరిహద్దు చెరువు కట్ట కింద దిగుతుంది. కట్టకు గండి కొట్టిస్తే తెల్లారేసరికి యుద్ధం అయిపోతుందని సేనాపతి చెప్తాడు. కింద నాలుగు ఊళ్లున్నాయి. ఈ పిల్ల రాత్రంతా 'చెప్పడానికి నేనెవర్ని?' అని కూర్చుని, తెల్లారాక వద్దంటుంది. శత్రువు వచ్చి కోట బయటి పేట తగలబెడతాడు.

దీన్ని ఎదుగుదల అంటారా? రుద్రమదేవి 1262లో సింహాసనం ఎక్కింది. సామంతులు తిరగబడితే అణచింది. ఇలా గోళ్లు కొరుక్కుంటూ కూర్చుందా? టెన్త్, ఇంటర్ పిల్లలు చదివే కథలో ధైర్యం ఉండాలి. పిరికితనానికి పూలదండ వేయకూడదు.

చెనిక్కాయ

నాకు ఆ రాత్రి అధ్యాయమే నచ్చింది మాస్టారూ. అక్కా, తర్వాతది ఎప్పుడు?

చెరువుకట్ట, అనంతపురం

అసలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అధ్యాయం మొదట్లో వడగాలి, వైశాఖం అని రాశారు. వైశాఖంలో చెరువులో నీళ్లెక్కడివి? రాజ్యం మన సీమ లాంటిదేనని మొదటి అధ్యాయంలో రచయిత్రే చెప్పారు. మా జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల లెక్కలో ఉంటుంది. చెరువులకు నీళ్లొచ్చేది భాద్రపదం, ఆశ్వయుజాల్లో. ఎండాకాలంలో చెరువులో గొర్రెలు మేస్తుంటాయి. గండి కొడితే దుమ్ము లేస్తుంది.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

అన్నా, అది ఫాంటసీ. ఆ రాజ్యంలో మాట్లాడే గుర్రం కూడా ఉంది.

మాస్టారూ, సేనాపతి మాట వినుంటే నాలుగు ఊళ్లు మునిగేవి. వద్దనడం కూడా నిర్ణయమే కదండీ.

చెరువుకట్ట, అనంతపురం

గుర్రం మాట్లాడితే మాట్లాడనీ, నాకేం ఇబ్బంది లేదు. నీళ్లు మాత్రం నీళ్లలాగే ఉండాలి. ఇంకోటి. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు ఉండాల్సినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని అందులో చెక్కించారు. కట్ట కారడం ఒక దోషం, చవుడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా దోషమే. మీ రాజు ఆ పనే చేశాడు. యుద్ధం రాకేం చేస్తుంది?

నల్లరేగడి, ఆదోని

రుద్రమదేవిని తీసుకొచ్చారు కాబట్టి అడుగుతున్నా మాస్టారూ. శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని ఎందుకు రాశారు? కూతురికి రాజ్యం ఇవ్వాలనుకున్న గణపతిదేవుడే ఆమెకు మగ పేరు పెట్టి, మగ వేషం వేయించాల్సి వచ్చింది. ఆడపేరుతో కూర్చుంటే సామంతులు ఊరుకోరని తండ్రికి తెలుసు. ఆమె ఏ రాత్రి ఎంత భయపడిందో శాసనాలు చెప్పవు. శాసనం వేయించేది దానాలకీ బిరుదులకీ, దిగులుకి కాదు.

అందరినీ అణచిందన్నారు. మీ కడప పక్కన వల్లూరు నుంచి ఏలిన ఆమె సామంతుడు, కాయస్థ వంశపు అంబదేవుణ్ణి అణచగలిగిందా? 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె చనిపోయిందని చెప్తుంది. ఆ మరుసటి ఏడే అంబదేవుడు త్రిపురాంతకంలో తన విజయాలన్నీ రాయి మీద చెక్కించుకున్నాడు. అతనితో పోరులోనే పోయిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అందువల్ల ఆమె గొప్పతనం తగ్గిందా?

లెక్కల మాస్టారు, కడప

తగ్గిందని నేననలేదు. పోరాడి పోయింది, మీ రాకుమారిలా మంచం మీద కూర్చోలేదు. మీరు నా పాయింటు వదిలేసి శాసనాల్లోకి పోతున్నారు. నేను చెప్పేది ఒక్కటే. సందేహించేవాళ్ల కోసం లోకం ఆగదు. బస్సు ఆగదు, పరీక్ష ఆగదు, సీటు ఆగదు. కథలో శత్రువు తెల్లారేదాకా ఆగాడంటే అది రచయిత్రి దయ.

చెనిక్కాయ

శత్రువు కూడా నీళ్ల కోసమే ఆగి ఉంటాడు 😀

నల్లరేగడి, ఆదోని

నేను సర్పంచ్‌గా చేశాను. మహిళలకు సగం సీట్లు అని చట్టం ఉంది కాబట్టి మా ఊరు నా వంతుకు వచ్చింది. మీటింగ్‌లో నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసేవాళ్లు, మా ఆయనకి. కాగితాలు ముందు ఆయన చేతికే పోయేవి. నేనేదన్నా అడిగితే 'అమ్మా, అవన్నీ అన్నతో మాట్లాడాంలే' అనేవాళ్లు. పదవీకాలం సగం గడిచేసరికి నాకే నమ్మకం వచ్చేసింది, నాకేమీ తెలియదని. పుట్టినప్పుడు నాకా భయం లేదు. మా అమ్మను అడగండి, ఊళ్లో మగపిల్లలను కొట్టొచ్చేదాన్ని.

అందుకే ఈ నవలలో రెండో అధ్యాయం మళ్లీ చదవమంటున్నా. ఆ పిల్ల నోరు తెరిచినప్పుడల్లా తండ్రి పెద్దకూతురి వైపు తిరిగి 'నువ్వేమంటావమ్మా?' అంటాడు. ఏళ్ల తరబడి అలా పెంచి, పదిహేడో అధ్యాయంలో కత్తి చేతికిచ్చి 'చెప్పు' అంటే ఏం చెప్తుంది?

లెక్కల మాస్టారు, కడప

మీకు అన్యాయం జరిగింది, కాదనను. అయితే ప్రతిదానికీ ఇంట్లో మగవాళ్లే కారణం అనడం ఈమధ్య ఫ్యాషన్ అయిపోయింది. అందరు తండ్రులూ ఒకటి కాదు.

నల్లరేగడి, ఆదోని

'ఫ్యాషన్' అన్న మాట వెనక్కి తీసుకోండి. నేను చెప్పింది నా బతుకు.

లెక్కల మాస్టారు, కడప

తీసుకోను. నా బతుకు కూడా వినండి. మా అమ్మాయికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. పెద్ద కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్‌కి సామాన్లు కట్టిన రోజు 'నేను చదవలేనేమో నాన్నా' అంది. సరే, రెండు రోజులు ఆలోచించుకో అన్నాం. ఆ రెండు రోజుల్లో సీటు గడువు దాటిపోయింది. ఇప్పుడు ఇంటి దగ్గరే ఏదో డిగ్రీ. ఏది అడిగినా 'ఏమో నాన్నా' అంటుంది. ఆ పిల్ల ఈ నవల ఫోన్‌లో చదువుతోంది, మీకు తెలుసా? ఆ రాత్రి అధ్యాయం నాకు చూపించింది. 'చూడు నాన్నా, రాకుమారి కూడా ఇంతే' అంది. నాకు ఒళ్లు మండింది. ఏం నేర్పిస్తున్నారు మీరు?

నిర్వాహకులు

ఇంట్లోవాళ్ల సంగతులు ఇక్కడ వద్దు. కథ మీద మాట్లాడండి.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

ఒక్క ప్రశ్న అడగనివ్వండి, ఇది కథ గురించే. మాస్టారూ, కౌన్సెలింగ్‌లో ఆ వెబ్ ఆప్షన్లు ఎవరు పెట్టారు?

లెక్కల మాస్టారు, కడప

నేనే పెట్టాను. తండ్రి కాక ఇంకెవరు పెడతారు? ఏ కాలేజీలో ప్లేస్‌మెంట్ ఎంతో, ఏ బ్రాంచికి ఉద్యోగాలున్నాయో పదిహేడేళ్ల పిల్లకేం తెలుసు?

నల్లరేగడి, ఆదోని

మా కుర్చీ పక్కన కుర్చీ వేసినవాళ్లూ ఇదే అన్నారండీ.

లెక్కల మాస్టారు, కడప

అన్యాయంగా మాట్లాడుతున్నారు. అప్పు చేసి చదివించిన తండ్రిని సంతకాలు పెట్టించుకునేవాళ్లతో పోలుస్తారా? పిల్ల మీద వదిలేసి తప్పు జరిగితే, అప్పుడు 'తండ్రి పట్టించుకోలేదు' అనేదీ మీరే.

తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

మాస్టారూ, మీ అమ్మాయి ఆ అధ్యాయం మీకు చూపించిందంటే మీతో ఏదో చెప్పాలనే కదా. రాకుమారి భయం పోగొట్టి పద్దెనిమిదో అధ్యాయంలో సింహాన్ని చేయమని చాలామంది మెసేజ్ పెడుతున్నారు. చేయను. ఆమె భయంతోనే ఆజ్ఞలు ఇస్తుంది, కొన్ని తప్పుతాయి, పేట తగలబడినందుకు జనం ముందు నిలబడి జవాబు చెప్తుంది. తండ్రి కూడా సభలో ఉంటాడు. ఈసారి అతని వైపు ఎవరూ తిరగరు.

చెరువుకట్ట అన్నా, మీ మాట వింటున్నా. వైశాఖం తీసేసి కార్తీకం పెడతాను.

లెక్కల మాస్టారు, కడప

నెల మారుస్తారు, పిల్లను మాత్రం మార్చరు. సరే, రాయండి. చదివి మళ్లీ వస్తాను. మా ఇంట్లో ఎలాగూ చదువుతారు.

చెరువుకట్ట, అనంతపురం

కార్తీకమైతే చెరువు నిండి అలుగు పారుతుంటుంది. కట్ట కింద వరి మళ్లన్నీ బురద. అక్కడ గుర్రాలతో, ఏనుగులతో సైన్యం ఎలా దిగిందమ్మా? దానికీ ఏదో ఒకటి ఆలోచించు.