ఆగస్టు సినిమా పండగ: పనులు ఎవరెవరికి, ఎక్కడిదాకా వచ్చాయి

(మెల్బోర్న్ తెలుగువాళ్ల గ్రూపులో మాటలు. ఎవరి మాటకు ముందు వాళ్ల సొంతూరి పేరు.)

కందుకూరు (మెల్బోర్న్, సమన్వయం)

హాలు ఖాయమైంది. ఆగస్టు రెండో శనివారం, పొద్దున పదింటి నుంచి రాత్రి ఏడింటి దాకా మనదే. అడ్వాన్సు కట్టాను, రసీదు కోశాధికారి దగ్గరుంది. పోయిన దీపావళికి తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక పిలకాయలతో సహా వానలో నిలబడ్డాం కదా, ఈసారి ముందురోజే నా చేతికొస్తుంది.

అంశం అందరికీ తెలిసిందే: మారుతున్న వాతావరణం, వలస, ఆదివాసుల తెలివి. "మనకెందుకీ గొడవ, అంత్యాక్షరి పెట్టుకుంటే పోయె" అని ఇద్దరు ఫోన్ చేశారు. పేర్లు చెప్పను గానీ ఇద్దరిదీ కనిగిరి పక్కనే. నీళ్లు లేక, ఉన్న నీళ్లలో ఫ్లోరైడు ఉండి జనం ఊళ్లొదిలిన చోటునుంచి వచ్చినవాళ్లు ఈ మాట అనడం భలే ఉంది.

పొద్దున పూట ఈ పక్కవి మూడు. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి దీవుల మీద ఒకటి. సముద్రం మా ఇళ్లమీదికీ, పెద్దల సమాధుల మీదికీ వస్తోందని ఆ దీవుల వాళ్లు కొందరు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకెక్కితే, ఆస్ట్రేలియా వాళ్లను సరిగా కాపాడలేదని 2022 సెప్టెంబరులో కమిటీ తేల్చింది. రెండోది తువాలు అనే పసిఫిక్ దీవుల దేశం మీద. 2023లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి, ఏడాదికి 280 మంది తువాలు వాళ్లు ఇక్కడికొచ్చి ఉండిపోవచ్చు. ఎవరు రావాలన్నది చీటీ ఎత్తి తేలుస్తారు. వీసా కోసం మనం పడ్డ పాట్లు గుర్తు పెట్టుకుని చూడండి. మూడోది మన విక్టోరియాలోనే, బజ్ బిమ్. అక్కడ గుండిట్జ్‌మారా జనం నల్లరాతిలో కాలవలు మలిచి ఈల్ చేపలు పట్టేవాళ్లు, పెంచేవాళ్లు. మనోళ్లు మలుగుపాము అంటారే, ఆ తరహా చేప. ఆ కాలవలు 6,600 ఏళ్ల నాటివి, 2019లో యునెస్కో జాబితాకెక్కాయి.

మధ్యాహ్నం మనం తీసుకున్న చిన్నవి నాలుగు: పులికాటు, చెంచుల తేనె, కనిగిరి వలస, బ్రెజిల్ గిత్త.

మనుషులు కావలసిన చోట్లు: సబ్‌టైటిళ్లకు ఇద్దరు, తలుపు దగ్గర ఇద్దరు, పిలకాయల గదికి ఒకరు. వర్గీకరణ (మన సెన్సారు లాంటిది) కాని సినిమా బయట జనానికి వేయాలంటే మినహాయింపు ఉండాలి. ఆ కాగితాల పని నేను చూస్తున్నా.

పొదలకూరు (మెల్బోర్న్)

భోజనాలు నాకొదిలెయ్యండి. చేపల పులుసు శుక్రవారం రాత్రే చేసిపెడతా. మామిడికాయ ముక్కలేసిన పులుసు మర్నాడే కదా రుచి.

కందుకూరు

అక్కా, హాలు వంటగదిలో వేడి చేసుకోవడానికి మటుకే ఒప్పుకున్నారు. పోపు పెడితే పొగకు అలారం మోగుతుంది. ఫైరింజన్ వస్తే ఆ బిల్లు మన నెత్తినే.

పొదలకూరు

పులుసుకు పోపు హాల్లో పెడతారా ఎవరన్నా? ఏందబ్బా నీ భయం.

మార్కాపురం వదిన (మెల్బోర్న్)

చెంచుల చిత్రం మా తమ్ముడు తీసి పంపాడు, దోర్నాల వైపు. పులుల అడవి లోపలికి కెమెరాతో పోవాలంటే అనుమతుల తలనొప్పి, అందుకని అంచునున్న పెంటలోనే తీశాడు. బాగుంది. తేనె తీసే ఘట్టం చూస్తే నా అరచేతులు చెమర్చాయి. కొండ అంచు నుంచి తాడు కట్టుకుని ఒకడు దిగుతాడు, పైన తాడు పట్టుకునేది బావమరిది. ఎందుకట్టా అంటే, తన అక్కో చెల్లెలో ముండమోయడం వాడికి ఇష్టముండదు కాబట్టి పట్టు వదలడు అంటారు. ఇంతకంటే గట్టి ఇన్సూరెన్సు ఏదుంటుంది చెప్పండి. తుట్టె మొత్తం కొయ్యరు, ఈగకు కొంత వదిలేస్తారు. చెట్ల పూత ముందూ వెనకా అవుతోందని, ఈగ ఎప్పుడొస్తుందో ఇప్పుడు చెప్పలేకపోతున్నామని అందులో పెద్దాయన అంటాడు.

రెండు మార్పులు చేయించా. వ్యాఖ్యానంలో "అమాయక గిరిజనులు" అని మూడుసార్లు వచ్చింది, తీసేయమన్నా. ఇరవై నిలువుల లోతు అంచున వేలాడేవాణ్ణి పట్టుకుని అమాయకుడంటే ఎట్లా? ఇంక రెండోది, సబ్‌టైటిళ్లు రాసిన పిల్లాడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు, పాపం. "మా పెంటకు రండి" అన్నదాన్ని "మా చెత్తకుప్పకు రండి" అని ఇంగ్లీషులోకి దించాడు. చెంచుల గూడేన్ని పెంట అంటారని వాడికెట్లా తెలుస్తుంది? వాణ్ణి తిట్టొద్దు, తెలుగు చూసేవాళ్లు ఇంకొకరు పక్కన కూర్చోండి చాలు.

ఒంగోలు (మెల్బోర్న్)

గిత్త చిత్రం ముప్పావు వంతు అయింది. మన ఒంగోలు జాతి 19వ శతాబ్దంలోనే ఓడెక్కి బ్రెజిల్ పోయింది. అక్కడ దాని పేరు నెలోరె. అవును, మన నెల్లూరే. 1960లలో మళ్లీ ఇంకో దఫా పోయాయి. ఈరోజు బ్రెజిల్ గొడ్లలో ఎక్కువ భాగం ఆ రక్తమే. ఎండకు తట్టుకుంటుంది, గోమార్లకు లొంగదు, ఎండుగడ్డి తిని బతుకుతుంది. వాతావరణం వేడెక్కే కొద్దీ దాని గిరాకీ పెరిగేదే గానీ తరిగేది కాదు. వలసపోయి గెలిచింది మన గిత్త, చివర్లో ఈలలు ఖాయం.

మార్కాపురం వదిన

ఈలలు సరేనయ్యా. అమెజాన్ అడవి నరుకుతున్నది ఎక్కువగా ఆ గొడ్ల మేతకే. ఆ అడవిలోనూ ఆదివాసులున్నారు. అదే రోజు, అదే తెర మీద పొద్దున్నే ఆదివాసుల నేల గురించి చూపించి, మధ్యాహ్నం మన గిత్తకు దండేస్తే చూసేవాళ్లు నవ్వరూ?

ఒంగోలు

వదినా, గిత్తేం చేసింది పాపం, దాన్ని తోలుకుపోయినోళ్లను అడగాలి.

మార్కాపురం వదిన

ఆ మాటే సినిమాలో పెట్టు. రెండు నిమిషాలు చాలు.

ఒంగోలు

సరే. మా నాన్నకు మాత్రం ఆ రెండు నిమిషాలు లేని కాపీ పంపిస్తా.

సూళ్లూరుపేట (సెలవు మీద ఊళ్లో)

అన్నా, పది రోజులుగా ఈడే ఉండా. రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయంటారు, నా బ్యాటరీ పగలకపోవడం గొప్ప. పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికి ఆపేస్తన్నా.

పులికాటు చెరువు (అందరూ సరస్సంటారు, మాకు చెరువే) ఇప్పుడు చానా మేర నెర్రెలిచ్చి ఉండాది. చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి చెరువు ఇంకోటి లేదు, అయినా దాని ప్రాణం సముద్రంలోకి తెరుచుకునే నోటి దగ్గర ఉంది. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసకతో పూడితే ఆటుపోటు లోపలికి రాదు. ఆటుపోటు రాకపోతే చేపపిల్లా రాదు, రొయ్యపిల్లా రాదు. ఇంక కాళంగి ఏరు తెచ్చే వాననీళ్లే దిక్కు. అవి ఎండితే వేటకాడు వేరే ఊరి పడవలో కూలి. మా వీధి చివరి నాలుగు ఇళ్లకు తాళాలే ఉండాయి. కనిగిరోళ్లది కరువు వలస, మాది ఇసక వలస. పండక్కి ఫ్లెమింగోలను చూడ్డానికొచ్చే జనం ఆ తాళాలను ఫోటో తియ్యరు.

అసలు సంగతికొస్తా. మన చిత్రంలో ముఖ్యమైన మనిషి ఒక యానాది (ఈడి ఆదివాసి జాతి) తాత. శ్రీహరికోటలో పుట్టాడు. 1969లో ఆ దీవిని రాకెట్లకు ఎంచుకున్నాక వీళ్ల కుటుంబం ఇవతలి గట్టుకొచ్చింది. రాకెట్ లేస్తే ఊరంతా మిద్దెలెక్కుతుంది, తాత ఎక్కడు. "మా ఊరిమీంచే గదా పోయేది, నాకు చప్పుడు చాల్లే" అన్నాడు. మోకాటి లోతు నీళ్లలో నిలబడి, బురదలో లేచే బుడగను చూసి, చెయ్యి పెట్టి చేపను తీస్తాడు. నేను నాలుగు రోజులు ప్రయత్నించా, నాకు దొరికింది ఒక పాత చెప్పు. వరి చేలో ఎలక బొరియ కనపడితే మిగతా కన్నాలన్నీ మట్టితో మూసి, కుండలో గడ్డి అంటించి, ఒక కన్నంలోకి పొగ ఊదుతాడు. ఎలకా పోతుంది, అది దాచిన వడ్లూ దొరుకుతాయి. మందు కొట్టిన చేలో తినడానికి పనికొచ్చే ఎలకలు ఉండవని కూడా చెప్పాడు.

ఇంతవరకూ బాగానే ఉండాది. నిన్న తాత పాముకాటుకు వాడే ఆకు చూపించాడు, పేరు చెప్పాడు, నేను దగ్గరికి పోయి తీశా. సందకాడ మనవడొచ్చాడు, డిగ్రీ చదువుతున్నాడు. "అన్నా, ఇది మీ ఆస్ట్రేలియాలో వేస్తారు, సరే. ఈడ ఎప్పుడేస్తారు? ఆ ఆకును రేపెవడో సీసాలో పోసి అమ్మితే మాకేంది?" అన్నాడు. నాకు జవాబు రాలా. ఏం చెప్పాలో చెప్పండి.

గూడూరు డాక్టరమ్మ (జీలాంగ్)

ఆకు సంగతి ముందు నేను చెప్తా. పాముకాటుకు పనిచేసేది యాంటీవీనమ్ ఒక్కటే. ఆకు పసరు చూపించి వదిలేస్తే హాల్లో ఎవరో పిలకాయ అది నిజమనుకుంటాడు, ఊళ్లో అయితే ఒక ప్రాణం ఆలస్యమవుతుంది. ఆ ముక్క ఎట్లాగూ తీసెయ్యాలి. అట్లని ఆ జనానికి పాముల గురించి తెలియదని కాదు. మనకు పక్కనే చెన్నై శివార్లలో ఇరుళ జాతివాళ్లు 1978 నుంచి సహకార సంఘం నడుపుతున్నారు. పామును పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. దేశంలో యాంటీవీనమ్ తయారీకి వాడే విషంలో ఎక్కువ వాళ్లు తీసిచ్చేదే. తాతకు పామును గుర్తుపట్టడం వస్తే అది తియ్యి, కాటేసింది ఏ పామో తెలిస్తే మాకు చానా మేలు.

నెల్లూరు మాస్టారు (నెల్లూరు)

అబ్బాయ్, నీ చిత్రం చూడలేదు గాని నీ ప్రశ్న చదివాను. చిత్రం తీయడానికి ఒప్పుకున్నట్టు తాత చేత సంతకం చేయించుకున్న ఫారం ఏ భాషలో ఉంది?

సూళ్లూరుపేట

ఇంగ్లీషులో, మాస్టారూ. తాత వేలిముద్ర వేశాడు.

నెల్లూరు మాస్టారు

అదీ సంగతి. ఈ జిల్లాలో యానాదుల చేత వేలిముద్రలు వేయించుకోవడం కొత్తేం కాదు. కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టిన నేరస్థ జాతుల చట్టం దేశం మొత్తం మీద 1952లో గాని పోలేదు. వాళ్లకోసం జీవితమంతా తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్యగారు మన నెల్లూరాయనే, 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆయన పేరు ఇప్పటి పిల్లల్లో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు.

2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది, మీరంతా వీడియోలు చూసే ఉంటారు. ఆ వారం నేను పొర్లుకట్ట మీద పులిహోర పొట్లాలు పంచాను. అక్కడుండే యానాది ముసలామె "ఎండ్రకాయలు గట్టెక్కినప్పుడే సామాను మూట కట్టుకున్నాం, చెప్తే మీరు వింటారా?" అనింది. వినలేదు మరి. ఇప్పుడు వినడానికి నువ్వు పోయావు, మంచిదే. విన్నది ఎవరి సొత్తో కూడా అడిగి రావాలి. ఫారం తెలుగులో రాసి, వాళ్ల కాలనీలో పదిమంది ముందు చదివి వినిపించు. వద్దన్నది తీసెయ్యి.

కందుకూరు

మాస్టారు చెప్పింది చదివాక నాకు సిగ్గేసింది. ఎందుకంటే ఇక్కడి చిత్రాల్లో ఒకటి ఇచ్చినవాళ్లు మనకు మూడు షరతులు పెట్టారు. చనిపోయినవాళ్ల బొమ్మలు, గొంతులు ఉండొచ్చని ముందే తెర మీద హెచ్చరిక వెయ్యాలి. హాల్లో ఎవరూ ఫోన్లో తియ్యకూడదు. తర్వాత మాట్లాడేది వాళ్ల మనిషే, మనం కాదు. మూడింటికీ ఆ పూటే సరేనని రాశా. వెల్‌కమ్ టు కంట్రీ (వచ్చినవాళ్లను తమ నేలకు ఆహ్వానించే మాట) చెప్పే హక్కు ఈ నేల పెద్దలదే కాబట్టి వురుండ్జెరి పెద్దలకు రాశాం, దానికి ఇవ్వాల్సిన రుసుంలో బేరం వద్దని కమిటీలో నేనే గట్టిగా అన్నా. మన తాత దగ్గరికొచ్చేసరికి ఒక్క షరతూ గుర్తుకు రాలా. రూపాయి కూడా రాసుకోలా.

కాబట్టి ఇట్లా చేద్దాం. పులికాటు చిత్రం మొదట కాలనీలో వేస్తాం. వాళ్లు సరేనంటేనే మెల్బోర్న్. ఇక్కడి వక్తకు ఇచ్చే గౌరవవేతనమే తాతకూ ఇస్తాం, రూపాయల్లోకి మార్చి తగ్గించకుండా. చెంచుల చిత్రానికీ ఇదే లెక్క, వదినా, తమ్ముడితో మాట్లాడండి. టికెట్టు ధర రెండు డాలర్లు పెంచాల్సొస్తుంది, కోశాధికారి తల పట్టుకుంటాడు, పట్టుకోనీండి.

కోశాధికారి (ఆత్మకూరు, మెల్బోర్న్)

తల పట్టుకున్నా. ఒప్పుకున్నా. చేపల పులుసుకు విడిగా డబ్బు తీసుకుందాం.

పొదలకూరు

నా పులుసుకు డబ్బు తీసుకుంటే నేను చెయ్యను.

మార్కాపురం వదిన

తమ్ముడితో మాట్లాడా. ఆదివారం పెంటకు లాప్‌టాప్ తీసుకుపోతాడు. కనిగిరి చిత్రం గురించి ఎవరూ ఏం మాట్లాడలేదు, ఏమైంది? వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు తవ్వడం అయిపోయినా నీళ్ల కోసం ఎదురుచూస్తున్న ఊరి సీనుతో మొదలవ్వాలి అనుకున్నాం కదా.

కందుకూరు

తీసినాయన గుంటూరు మిరపకోతలకు పోయిన కూలీల వెంట వెళ్లి ఫుటేజీ తెచ్చాడు, ఎడిటింగులో ఉంది. అంత్యాక్షరి అడిగిన ఇద్దరిలో ఒకరు దానికి సబ్‌టైటిళ్లు రాస్తానన్నారు. వాళ్ల పెద్దమ్మ అందులో ఉందంట.

సూళ్లూరుపేట

నిన్న రాత్రి కాలనీలో వేశాం. బడి ప్రొజెక్టరు, మా అమ్మ తెల్ల దుప్పటి, మధ్యలో కరెంటు పోతే పక్కింటోళ్ల ఇన్వర్టరు. అరవై మంది దాకా వచ్చారు, పిలకాయలు తెర ముందు కూర్చోని తాత కనపడినప్పుడల్లా ఒకటే కేకలు. తెలుగు ఫారం మనవడే చదివాడు. ఆకు ముక్క తీసేశా. ఎలకల పొగ మాత్రం ఉంచమన్నారు, "అది దాచేదేముంది, రైతులే మమ్మల్ని పిలిచి పట్టిచ్చుకుంటారు" అని. చెప్పు దొరికిన సీనుకు అందరికంటే ఎక్కువ నవ్వారు, అది ఉంచుతున్నా.

తాత మొత్తం చూసి ఒక్కటే అడిగాడు. చేపలు పట్టేటప్పుడు వేసుకున్న చొక్కా భుజం దగ్గర చిరిగి ఉండాది. మనవరాలి పెళ్లికి కుట్టించిన చొక్కా ఇంట్లో ఉందంట, అది వేసుకుని మళ్లీ తియ్యాలంట. కొత్త చొక్కాతో బురదలోకి దిగుతావా తాతా అంటే, "అంత దూరం పోయేది నేనా నువ్వా?" అన్నాడు.

రేపు పొద్దున ఐదున్నరకు మళ్లీ తీస్తన్నా. ఫైలు రెండు రోజులు ఆలస్యం.

కందుకూరు

సరే. సబ్‌టైటిళ్ల గడువు బుధవారానికి మార్చా. శనివారం మాట్లాడుకుందాం, మాకు రాత్రి తొమ్మిది, మీకు నాలుగున్నర. మనవణ్ణి కూడా కాల్‌లోకి తీసుకురా.