తిరుపతికి ట్రామా, బస్సా? రెండింటిలోనూ తిరిగినవారు చెప్పండి

రేణిగుంట రోడ్డు:
రేణిగుంట నుంచి తిరుపతి మీదుగా అలిపిరి దాకా ట్రాము వేస్తే బస్సుల బాధ తీరుతుందని మా ఆఫీసులో తరచూ మాట వస్తోంది. కొన్నేళ్లు కోల్‌కతాలో ఉద్యోగం చేసిన నాకు అంత నమ్మకం కలగడం లేదు. అక్కడ 1873లో గుర్రాలతో మొదలై, 1902లో విద్యుత్తుకు మారిన ట్రాము పొగ లేకుండా, తక్కువ చార్జీకే జనాన్ని మోసిన మాట నిజమే. అయితే చాలాచోట్ల పట్టాలు రోడ్డు నడిమధ్యన ఉండడంతో, ఎడమవైపు నుంచి దూసుకొచ్చే టాక్సీలకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ దిగవలసి వచ్చేది. పట్టాల మీద ఒక్క లారీ మొరాయిస్తే వెనకున్న ట్రాములన్నీ బారులు తీరేవి. బస్సయితే పక్కనుంచి తప్పుకొని పోయేది.

మెల్‌బోర్న్‌లో చిత్తూరు:
ఆ తప్పు పట్టాల మీదికి కార్లను రానిచ్చినవారిది. ఇక్కడ మెల్‌బోర్న్‌లో దాదాపు 250 కిలోమీటర్ల ట్రాము మార్గం ఉంది. అందులో ఎక్కువ భాగం కార్లతో కలిసి నడిచేదే కనుక, ఆ వీధుల్లో ట్రాము కూడా నత్తనడకే నడుస్తుంది. తనకంటూ దారి ఉన్నచోట మాత్రం ఇట్టే చేరుస్తుంది. కొత్త స్టాపుల్లో అరుగు, ట్రాము గడప ఒకే ఎత్తున ఉండడం వల్ల చక్రాల కుర్చీలో ఉన్నవారు ఎవరి సాయమూ లేకుండా ఎక్కుతారు. మన బస్సుల మెట్లెక్కడానికి మోకాళ్ల నొప్పులతో మా అమ్మ పడే అవస్థ తెలిసినవాణ్ణి కనుక ఇది నాకు చాలా పెద్ద విషయం. పొడవైన ట్రాములో ఒకే డ్రైవరుతో 200 మందికి పైగా వెళ్లవచ్చు. కానీ రోజంతా అంత జనం ఉన్న దారిలోనే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది.

మాడవీధి:
మా ఇల్లు గోవిందరాజస్వామి గుడికి దగ్గర. బ్రహ్మోత్సవాల్లో రథం ఎంత ఎత్తున కదులుతుందో చూసినవారికి, ఆ వీధుల్లో ట్రాముకు పైనుంచి కరెంటు అందించే తీగ పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు. గంగమ్మ జాతర రోజుల్లో వేషాలు వేసుకున్న భక్తులతో వీధులు నిండిపోతే బస్సును వేరే దారికి మళ్లిస్తారు, ట్రామును ఎటు మళ్లిస్తారు? పట్టాల గాడిలో టైరు పడితే స్కూటరు జారుతుందన్నది మరో భయం, వానాకాలంలో మరీను.

మెల్‌బోర్న్‌లో చిత్తూరు:
మాడవీధి గారూ, తీగకు విరుగుడు ఉంది. ఫ్రాన్సులోని బోర్డో నగరంలో 2003 నుంచి కొంత మేర నేలలోని పట్టీ ద్వారానే ట్రాముకు కరెంటు అందిస్తున్నారు. ఆ పట్టీలో ఏ ముక్క మీద ట్రాము ఉంటే, ఆ ముక్కలోనే, అంతసేపే కరెంటు ఉంటుంది. అది ఖరీదైన పద్ధతి. జాతరకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

పాత డిపో:
నేను బస్సుల పక్షమే. 2022 నుంచి తిరుమల ఘాట్‌లో విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి కాబట్టి, పొగ లేకపోవడం ఒక్క ట్రాముకే ఉన్న గొప్ప కాదు. అయినా ట్రాముకు ఒక మేలు ఒప్పుకోవాలి. పట్టా కనిపిస్తే బండి వస్తుందని కొత్తవారికి కూడా తెలుస్తుంది, బస్సు స్టాపును మాత్రం రాత్రికి రాత్రే జరిపేయవచ్చు. లీలామహల్ కూడలిలో నిలబడ్డవారు బస్సు ఎప్పుడొస్తుందో తెలియకనే షేర్ ఆటో ఎక్కుతున్నారు. అలాగని పట్టాలు శాశ్వతమనుకోవద్దు. 1895లో మొదలైన మద్రాసు ట్రాము, మన జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, 1953లో ఆగిపోయింది.

రేణిగుంట రోడ్డు:
కొత్త పట్టాల మాట అటుంచితే, రేణిగుంట నుంచి తిరుచానూరు, తిరుపతి, చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు దాకా రైలు పట్టాలు ఉండనే ఉన్నాయి కదా? తిరుపతి, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల డబ్లింగుకు, అంటే రెండో లైను వేయడానికి, 2025లో కేంద్రం ఆమోదం తెలిపింది. అది పూర్తయ్యాక తక్కువ దూరాలకు కరెంటుతో నడిచే చిన్న మెము రైళ్లను తరచుగా నడిపితే, ట్రాము చేయవలసిన పనిలో సగం తీరుతుంది.

పాత డిపో:
దానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ స్టేషన్‌లో దిగినవారు అలిపిరి చేరాలంటే మళ్లీ బస్సే కావాలి. ఆ దారిలో ఇరువైపులా నిలిపే కార్లను, ఆటోలను తీయించి ఒక వరుసను బస్సులకే వదిలితే, ఎన్ని నిమిషాలు కలిసివస్తాయో రద్దీ లేని ఏదైనా వారంలో నడిపి చూడవచ్చు. అందుకు పట్టాలు అక్కరలేదు, రంగు డబ్బాలు, నలుగురు ట్రాఫిక్ పోలీసులు చాలు.