క్రొత్త పాతల ‘మేలు’ కలయికా, ‘మేలి’ కలయికా?

(ఒక భాషా గుంపులో జరిగిన ముచ్చట. రాసినవాళ్లని వాళ్ల ఊరి పేరుతోనే చూపాం.)

విజయనగరం:
గురజాడ ముత్యాల సరాల మొదటి చరణం గురించి అడుగుతున్నాను. «క్రొత్త పాతల మేలు కలయిక / క్రొమ్మెరుంగులు జిమ్మగా». మా ఇంట్లో పెద్దవాళ్లు ‘మేలి కలయిక’ అనేవారు, ఆ పలుకే నా చెవిలో ఉండిపోయింది. అచ్చులో మాత్రం ‘మేలు’ కనిపిస్తోంది. ఏది సరి? ‘మేలు’ అయితే దాన్ని దేనికి అన్వయించాలి? కొత్తలోని మేలూ పాతలోని మేలూ కలవడమా, కలయికే మేలైనదనా?

ఇప్పుడెందుకంటే, మా అన్నయ్య కూతురు ఇంటర్ చదువుతోంది. దానికి టోకియో హోటల్ అనే జర్మన్ బ్యాండంటే ప్రాణం. వాళ్ల 2009 నాటి ‘హ్యూమనాయిడ్’ ఆల్బం పెడితే ఇంట్లో అందరూ పిల్లల గోల అని కొట్టిపారేశారు. వినకుండా తీర్పు చెప్పడం నాకు నచ్చలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి పాట నుంచి చివరి పాట దాకా కూర్చున్నాను.

మాగ్డెబుర్గ్ కుర్రాళ్లు నలుగురు. 2005లో మొదటి పాటతో పేరొచ్చేసరికి, పాడే బిల్‌కీ గిటార్ వాయించే టామ్‌కీ పదిహేనేళ్లు. ఇద్దరూ కవలలు. అప్పట్లో వాళ్ల పాటలకి గిటార్, బేస్, డ్రమ్సే బలం. ‘హ్యూమనాయిడ్’లో సింథ్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) ముందుకొచ్చింది, గొంతుకి కూడా అక్కడక్కడ యంత్రపు పూత పూశారు. ‘ఆటోమేటిక్’ పాటలో అది చక్కగా పొసిగింది. ప్రేమ మరబొమ్మలా తయారైందన్న బాధని యంత్రాల మోతలోనే చెప్పడం సబబుగా ఉంది. ఇంకొన్ని పాటల్లో గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. చివర్లో ‘జూమ్ ఇంటూ మీ’ దగ్గర హంగామా తగ్గి, ఆ అబ్బాయి గొంతు దగ్గరగా వినిపించింది. నా మనసు పట్టింది అక్కడే.

కలయిక అయితే ఉంది. మేలు కలయిక అనొచ్చా లేదా అన్నది గురజాడ మాటకి మనం చెప్పుకునే అర్థాన్ని బట్టి ఉంటుంది.

రాజాం:
ముందు ఛందస్సు చూద్దాం. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రల (పలికే కాలపు కొలతల) నడక. క్రొత్త, పాతల, మేలు, కలయిక. ‘మేలి’ పెట్టినా మూడు మాత్రలే, కాబట్టి గణాలు ఈ తగవు తీర్చలేవు. అర్థం మీదే తేలాలి. నా మటుకు ‘క్రొత్త పాతల మేలు’ అంతా ఒక ముక్క, తర్వాత ‘కలయిక’. షష్ఠీ తత్పురుషం. రెండింటిలోంచీ మంచిని ఏరి కలపడమని అర్థం. ఆ లెక్కన మీ జర్మన్ కుర్రాళ్లు సగమే చేశారు. గిటార్‌లో ఉన్న మేలుని సింథ్ కింద తొక్కేశారని మీరే అంటున్నారు కదమ్మా.

బొబ్బిలి:
మాస్టారూ, నడక మధ్యలో విరిచేశారు. చదివి చూడండి: «క్రొత్త పాతల», ఆగండి, «మేలు కలయిక». గొంతు సహజంగా ఆగేది ‘పాతల’ దగ్గర. ‘మేలు’ విశేషణం కావడానికి అడ్డేముంది? మేలుబంతి అంటాం, మేలుజాతి అంటాం. మేలిముసుగు, మేలిబంగారం పక్కన అవీ బతికే ఉన్నాయి. మేలైన కలయిక, అంతే. ఏరికూర్చడం గురించి కాదు, కలిశాక ఏం పుట్టిందన్నది ముఖ్యం.

టెక్కలి:
రెండో చరణం వదిలేసి మొదటిదాని మీద కొట్టుకుంటున్నారు. «మెచ్చనంటా వీవు, నీవిక / మెచ్చకుంటే మించిపాయెను, / కొయ్యబొమ్మలె మెచ్చు కళ్లకు / కోమలుల సౌరెక్కునా?» కొత్తదాన్ని చూడకుండానే పెదవి విరిచేవాళ్లకి ఆయన 1910లోనే జవాబు చెప్పేశారు. ఆ ఏడు హేలీ తోకచుక్క వస్తే జనం అరిష్టమని హడలిపోతుంటే, ఆ పాటలో దాన్ని చుట్టాన్ని పలకరించినట్టు పలకరించారు. మేనకోడలి పాటలు కూర్చుని విన్న మేనత్తది ఆ దారే. సమాసం ఏదైనా నేను ఆవిడ పక్షమే.

ఆమదాలవలస:
నేనూ ఆ ఆల్బం విన్నాను, జర్మన్‌లో. దాన్ని రెండు భాషల్లోనూ చేశారు. భాషా గుంపులో ఈ ముక్క మాట్లాడుకోకపోతే ఎలా? జర్మన్‌లో ‘మెన్షెన్ జూఖెన్ మెన్షెన్’ అని ఒక పాట ఉంది. మనుషులు మనుషుల కోసం వెతుక్కుంటున్నారని. ఇంగ్లీషులో అదే ‘హ్యూమన్ కనెక్ట్ టు హ్యూమన్’ అయింది. వెతుకులాట కాస్తా తీగలు కలపడమైంది. జర్మన్ మాటలో తపన ఉంది, ఇంగ్లీషు మాటలో సింథ్ ఉంది. విజయనగరం మేడమ్ గారూ, మీకు గిటార్ దొరకలేదన్న చోట మాట కూడా పలచబడిందేమో జర్మన్‌తో పోల్చి వినండి.

రాజాం:
మాట పలచబడకుండా కలపడమంటే మా ఆదిభట్ల నారాయణదాసుగారిని తలుచుకోవాలి. ఉమర్ ఖయ్యాం రుబాయీల పారసీ మూలాన్నీ, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషు సేతనీ పక్కపక్కన పెట్టుకుని, సంస్కృతంలోనూ అచ్చతెలుగులోనూ చేసిన మనిషి. పుట్టింది మా రాజాం దగ్గరి అజ్జాడలో. ఎరువు తెచ్చుకున్నదేదో, మనదేదో ఆయనకి తెలుసు. అందుకే మేళ్ల కలయిక అన్నాను.

చీపురుపల్లి:
దాసుగారి పేరెత్తి ద్వారం వారిని వదిలేస్తారా? విజయనగరం సంగీత కళాశాలకి 1919లో దాసుగారు తొలి ప్రిన్సిపాల్ అయితే, ఫిడేలు పాఠాలు ద్వారం వెంకటస్వామి నాయుడుగారివి. ఆ వాద్యం సీమనుంచి, అంటే ఐరోపా నుంచి వచ్చింది. మన గమకాన్ని దాని మీద పలికించారు. తంతి మీద విల్లు ఒరుసుకునే చప్పుడు అణిగి, గొంతు పాడినట్టే జారుతుంది. అక్కడ సీమ మేలేది, మన మేలేది అని విడదీయగలరా? బొబ్బిలి వారి ‘మేలైన కలయిక’ అంటే నాకు అదే వినిపిస్తుంది.

విజయనగరం:
చీపురుపల్లి వారు చెప్పింది విన్నాక నా అభిప్రాయం గట్టిపడింది. ‘ఆటోమేటిక్’లో సింథ్‌ని విడదీస్తే పాట నిలబడదు, కాబట్టి అది మేలు కలయికే. విడదీసినా నష్టం లేని పాటలూ అందులో ఉన్నాయి, వాటిని కలయిక అనలేను, పైపూత అంటాను. ఆల్బం మొత్తానికి ఒక్క తీర్పు ఇవ్వను. జర్మన్ పాటలు పెట్టమని మా గుంటని అడిగాను, మొహం వెలిగిపోయింది. కానీ మాస్టారూ, ‘మేలి’ సంగతి అలాగే ఉండిపోయింది.

రాజాం:
‘మేలి’ సంగతి అలా ఉంచండి. అసలు పేచీ ‘జిమ్మగా’లో ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ప్రథమా విభక్తి (కర్త) మీద వచ్చే క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలుగా మారే గసడదవాదేశంలో చకారానికి సకారం రావాలి, ‘క్రొమ్మెరుంగులు సిమ్మగా’ కావాలి. జకారం రావాలంటే ముందు ద్రుతం (చివరి నకారం) ఉండాలి, ‘మెరుంగులన్ జిమ్మగా’. అంటే కవి మనసులో ఉన్నది ద్వితీయా విభక్తి (కర్మ). మెరుపులు వాటంతటవి చిమ్మడం లేదు, కలయికే వాటిని చిమ్ముతోంది.

బొబ్బిలి:
కలయికే చిమ్ముతోందంటే నా అర్థమే నిలబడింది కదా! అయినా గిడుగు వారితో కలిసి చదువుకుని, వాడుకభాష కోసం పోరాడిన గురజాడకి గ్రాంథిక వ్యాకరణం రాసిన చిన్నయసూరి సూత్రం కొలబద్ద పెడతారా? చెవికి ‘జిమ్మగా’ ఇంపుగా ఉంది, రాశారు.

రాజాం:
ఇంపు ఊరికే రాదు బాబూ. అదే పాటలో పరుషాలు సరళాలైన చోట్లన్నీ ఏరి పెడతాను, అప్పుడు మాట్లాడదాం.

టెక్కలి:
ఏరేటప్పుడు ‘కొయ్యబొమ్మలె’లో ‘ఎ’ కుదించడం కూడా చూడండి మాస్టారూ. ఆ ఒక్క మాత్ర మీద నాకో అనుమానం ఉంది.