‘పూర్తిగ నిచ్చినం బెరుగు’: ఇస్తేనా, ఇచ్చినా కూడానా?

నల్లకుంట పాఠకుడు: అంతర్జాలంలో పాఠకులే రచయితలవుతున్న తీరు గురించి చిక్కడపల్లిలో ఒక సభలో మాట్లాడవలసి ఉంది. ఏనుగు లక్ష్మణకవి ‘విద్య యను దివ్యధనం బఖిలార్థికోటికిం బూర్తిగ నిచ్చినం బెరుగు’తో మొదలుపెడదామనుకొని, ‘ఇచ్చినం’ చేదర్థకమా (ఇస్తే) అప్యర్థకమా (ఇచ్చినా) అన్నచోట ఆగిపోయాను. ఇస్తే పెరుగుతుందంటే పంచుకోవడమే పెరుగుదలకు కారణం. ఇచ్చినా పెరుగుతుందంటే ఇవ్వడం దానికి అడ్డు కాదని మాత్రమే అర్థం.

ఛందోభిమాని: ఉత్పలమాలలో ఆరవ అక్షరం గురువు కావాలి కనుక కవి ‘ఇచ్చినను’ అనలేడు, ‘ఇచ్చినన్’లోని పొల్లు (చివరి నకారం) రెండర్థాలకూ చోటిస్తుంది. అయితే అదే పాదంలో ‘పోదు యుగాంతపు వేళనైన’ అని, యుగాంతంలోనైనా నశించదన్నాడు కనుక నేను ‘ఇచ్చినా’ పక్షం. ఒక ఫైలును లక్షమంది దించుకున్నా అసలు ప్రతి తరగదు, అలాగని దించుకున్నంతమాత్రాన అందులో ఒక్క అక్షరమూ చేరదు.

వికీ వాడుకరి: మీరిద్దరూ ‘అర్థి’ని వదిలేశారు. పద్యంలోని అర్థి పుచ్చుకునేవాడు మాత్రమే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో చదవడానికి వచ్చినవారే ‘సవరించు’ నొక్కి దాతలు కాగలరు. ఒకరు తమ ఊరి చెరువు గురించి నాలుగు వాక్యాలు రాస్తే మరొకరు తేదీ దిద్దుతారు, ఇంకొకరు ఆధారం అడుగుతారు, ఎవరు ఏ అక్షరం మార్చారో పేజీ చరిత్రలో నిలిచిపోతుంది. అక్కడ ఇవ్వకపోతే పెరుగుదలే లేదు. ‘పూర్తిగ’ అన్నదానికే కొంత పరిమితి ఉంది: 2009 నుంచి అమలులో ఉన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ప్రకారం ఆ పాఠాన్ని వాడుకునేవారు కర్తలను పేర్కొనాలి, మార్చి ప్రచురిస్తే అదే షరతుతో పంచాలి.

ఛందోభిమాని: మూలం చూడండి. లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సంస్కృత శ్లోకంలో కొన్నిచోట్ల ‘హ్యర్థిభ్యః’ అనీ, కొన్నిచోట్ల ‘అప్యర్థిభ్యః’ అనీ కనిపిస్తుంది. ‘కూడా’ అనే అర్థమిచ్చే ‘అపి’ నిలిస్తే వాదం నాదే.

నల్లకుంట పాఠకుడు: ఆ ‘అపి’ తన ముందున్న ‘సర్వదా’ (ఎల్లప్పుడూ)తో అన్వయిస్తుంది గానీ దానంతో కాదండీ.

వేమన ప్రియుడు: మీ తగవుకు మూలం రాతప్రతులకు నకళ్లు తీసిన లేఖకులే. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించిన బ్రౌను ఎన్ని రాతప్రతులను పోల్చవలసి వచ్చిందో తెలిసినదే. లేఖకులూ పంచారు, పంచుతూ మార్చారు, కానీ ఎవరు మార్చారన్న జాడ ఉంచలేదు. వికీ తెచ్చిన అసలు మార్పు ఆ జాడే తప్ప, నలుగురూ చేయి వేయడం కొత్త కాదు. పద్యం చివర, విద్యాధనం ఉన్నవారి ఎదుట గర్వం మానాలని కవి చెప్పిన భూభర్తలు (రాజులు) నేటి అంతర్జాల వేదికల యజమానులని నా మతం. జనం ఉచితంగా ఇచ్చిన ఫొటోలు, సమీక్షల పక్కన ప్రకటనలు పెట్టి ఆదాయం పొందుతున్నవారికే ‘గర్వము మానుట’ వర్తిస్తుంది.

ఛందోభిమాని: భూభర్తలు సరే, ‘ఇచ్చినం’ ఇంకా తేలలేదు. పుష్పగిరి తిమ్మన, ఎలకూచి బాలసరస్వతి ఈ శ్లోకాన్ని ఎలా తెనిగించారో, ప్రతి ఉన్నవారు పాఠభేదాలతో సహా ఇక్కడ ఉంచగలరు.