పాత బుల్లెట్‌కు పాయింట్లే ఉంచాలా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాలా?

ఖమ్మం బుల్లెట్:
నాన్నగారి 1994 బుల్లెట్ 350 ఇప్పుడు నా చేతికి వచ్చింది. పోత ఇనుప ఇంజన్, 12 వోల్టులు, పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు అంటే తెరుచుకున్నప్పుడు కాయిల్ కరెంటు తెంచి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్). ఏడాదిలో రెండు కండెన్సర్లు (పాయింట్లు కాలకుండా కాపాడేవి), మూడు జతల పాయింట్లు మార్చాను. అయినా ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్ నిలవడం లేదు. ఎలక్ట్రానిక్ కిట్ పెట్టిద్దామని మెకానిక్ అంటున్నారు. నాన్నగారికి ఇష్టం లేదు. ఆమీటర్ (కరెంటు చూపే మీటర్) సూది కదలికతో పాయింట్లు తెరుచుకున్న చోటు కనిపెట్టి కిక్ కొట్టడం ఆయనకు అలవాటు. మీరైతే ఏం చేస్తారు?

పాతకాపు:
పాయింట్లు వదలవద్దు తమ్ముడూ. లంబసింగి ఘాట్ మీద చీకటిపడ్డాక నా బండి ఆగిపోయింది. ఆకురాయితో పాయింట్లు రుద్ది, గ్యాప్ 0.35కూ 0.40 మిల్లీమీటర్లకూ మధ్య పెట్టి, వాటి మధ్య సిగరెట్ కాగితం పెట్టి టైమింగ్ (స్పార్క్ పడే సమయం) చూసుకున్నాను. కాగితం వదులైన క్షణమే స్పార్క్ పడే క్షణం. అరగంటలో కిందికి దిగాను. కిట్ పోతే ఆ కొండ మీద ఎవరు బాగుచేస్తారు?

విశాఖ రైడర్:
పాతకాపు గారూ, అది మంచి సామాను దొరికిన రోజుల మాట. ఇప్పుడు కొట్లో కొన్న కండెన్సర్ వారంలో పోయినా ఆశ్చర్యం లేదు. అది పోతే పాయింట్లు కాలిపోతాయి. పాయింట్లను తెరిచే కామ్ (తిరిగే మిట్ట) మీద రాసుకునే ఫైబర్ మడమ అరిగితే గ్యాప్ తగ్గి టైమింగ్ వెనక్కి పోతుంది, అంటే స్పార్క్ ఆలస్యమవుతుంది. నాలుగేళ్లుగా నా బండి కిట్ మీదే నడుస్తోంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసే పని పడలేదు. పాత పాయింట్ల ప్లేటు, ఒక మంచి కండెన్సర్ టూల్ బాక్సులో ఉంచుకున్నాను. దారిలో కిట్ పోయినా మళ్లీ అవే బిగించుకుంటాను.

వైండింగ్ పనివాడు:
ఖమ్మం తమ్ముడూ, కొనేముందు డిస్ట్రిబ్యూటర్ లోపల చూడు. కామ్‌ను వేళ్లతో పట్టుకుని పక్కకు ఊపు. పాయింట్లు వాటంతటవే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే షాఫ్టు బుష్ (షాఫ్టు తిరిగే లోహపు గొట్టం) అరిగినట్టే. అలాంటి దానిలో ఏ గ్యాప్ పెట్టినా ఇంజన్ నడిచేటప్పుడు నిలవదు. తర్వాత కామ్‌ను అది తిరిగే దిక్కుకు మెలిపెట్టి వదులు. చురుగ్గా వెనక్కి రాకపోతే అడ్వాన్స్ బరువులు (ఇంజన్ వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపేవి) బిగిసి ఉన్నాయి, లేదా స్ప్రింగులు సాగిపోయాయి. ఐడ్లింగ్ నిలవకపోవడం, కిక్ వెనక్కి తన్నడం చాలాసార్లు ఇక్కడే మొదలవుతాయి.

కిట్లన్నీ ఒకటి కాదు. కొన్ని పాయింట్ల స్థానంలో సెన్సర్ పెట్టి పాత బరువులనే వాడుకుంటాయి. అరిగిన బరువుల మీద అలాంటి కిట్ పెడితే పాత జబ్బే కొత్త ఖర్చుతో కొనసాగుతుంది. కొన్ని అడ్వాన్స్‌ను తామే లెక్కగడతాయి. అవి మంచివే కానీ బ్యాటరీ నీరసంగా ఉంటే కిక్ దగ్గరే మొరాయిస్తాయి. ఛార్జింగ్, ఎర్త్ వైరు సరిచేయకుండా వాటిని పెట్టించవద్దు. ప్లగ్‌కు రెసిస్టర్ క్యాప్ (స్పార్క్ విద్యుత్ గోలను తగ్గించేది) కావాలి. కాయిల్ రెసిస్టెన్స్ కిట్ కాగితంలో రాసినదానికి సరిపోవాలి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు కాయిల్‌కు కరెంటు ఆపేసే కిట్లలో సూది కదలదు. నాన్నగారి మాట కొట్టిపారేయవద్దు, కొనేముందు ఆ సంగతి అడుగు.

నేనైతే పాయింట్లు ఉంచి ట్రాన్సిస్టర్ పెట్టె పెడతాను. కాయిల్ కరెంటు దాని గుండా పోతుంది, పాయింట్ల మీద కొద్దిపాటి కరెంటే ఉంటుంది కనుక అవి కాలవు. మడమ అరుగుదల మాత్రం తప్పదు. పెట్టె పోతే తీగలు పాత పద్ధతిలో కలిపి ఇంటికి రావచ్చు.

పాతకాపు:
పెట్టె సంగతి ఒప్పుకుంటాను. సెన్సర్ కిట్ల మీద మాత్రం నాకు నమ్మకం కుదరలేదు.

విశాఖ రైడర్:
నా బండికి కిట్ పెట్టించేటప్పుడే బుష్ కూడా వేయించాను. నాలుగేళ్ల సుఖంలో దాని వాటా ఎంతో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

ఖమ్మం బుల్లెట్:
ఇప్పుడే మూత తీసి చూశాను. కామ్ ఊపితే పాయింట్లు తెరుచుకుంటున్నాయి. ఒక స్ప్రింగు కొక్కెం దగ్గర సాగి ఉంది. రేపు డిస్ట్రిబ్యూటర్ విప్పి లేత్ పనివారికి ఇస్తాను. కిట్ డబ్బు ప్రస్తుతానికి జేబులోనే ఉంటుంది. వైండింగ్ అన్నా, బుష్‌కు గన్‌మెటల్ (ఒక రకం కంచు) వేయించమంటారా, ఇత్తడి చాలా?

వైండింగ్ పనివాడు:
గన్‌మెటల్ వేయించు. నూనె గాడి మరిచిపోవద్దని లేత్ ఆయనకు చెప్పు.